గాలమునకు కట్టిన ఈక

చేపలను పట్టుటకు మనవారెఱిగిన యెరలు పెక్కు గలవు. వానపాము, చిఱుకప్ప, రొయ్య, పిండియుండ: చెరువుగట్టున గాలము వేసికొని కూర్చుండు పల్లెటూరి బాలుని అడిగినను ఈ పట్టికను ఏకరువు పెట్టగలడు. ఇవి యన్నియు తినదగినవే. చేప మోసపోయినను దాని నోటికి కొంత తిండియైనను దొరకును. ఈ సాయంకాలము నేను చెప్పబూనినది తిండిలేని యెరను గూర్చి. ఒక కొక్కెము, రెండు కోడియీకలు, చిటికెడు బొచ్చు, నాలుగుచుట్లు దారము, ఇంతియే. దీనిని పురుగుగనో చిన్నచేపగనో భ్రమించి పెద్దచేప వచ్చి కఱచును. ఈ మోసమునకు పదునెనిమిదివందల యేండ్లకు పైబడిన చరిత్ర గలదు. అందు మన దేశపు పక్షులకును, మన గోదావరి దాపుటడవులలోని యొక కోడికిని గూడ పాలు గలదు. ఆ పాలు వానికి మేలు చేసినది కాదు.

శ్రోతలారా, కథలోనికి పోకముందు వస్తువును కొంచెము వర్ణింపవలెను. ఈ కట్టుడెరలు ముఖ్యముగా రెండు తెగలు. తేలికయైనదానిని ఇంగ్లీషువారు ‘ఫ్లై’ అందురు, అనగా ఈగ. బరువైనది ‘జిగ్గు’. జిగ్గునందు కొక్కెపు తలకడ, త్రాడు ముడివేయు చోట, సీసపు గుండును పోతపోయుదురు. ఆ బరువు అమరిన తీరునుబట్టి కొక్కెపు మొన మీదికి తిరిగియుండును గాన అడుగున రాళ్లకును నాచునకును సులభముగా తగులుకొనదు. త్రాటిని లాగినపుడు ఎర పైకి దుముకును, వదలినపుడు క్రుంగును. జిగ్గు అను మాటకు ఆ భాషలో గంతులువేయు నృత్యమని అర్థము. సీసము గంతువేయుటకు పనికివచ్చును గాని, చూచు చేపకు అది ప్రాణమున్న వస్తువని తోపింపజాలదు. ఆ భారము గుండు వెనుక కట్టిన ఈకది, బొచ్చుది. కనుక ఎర కట్టువాని విద్య యంతయు ఒక ప్రశ్నలో ఇమిడియున్నది: ఏ పక్షి యీక? ఏ జంతువు రోమము? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలమువా రొక్కొక్క విధముగా ఉత్తరము చెప్పిరి. ఒకప్పుడు చేప యిష్టమునుబట్టి యెన్నిరి. మఱియొకప్పుడు తమ కన్నుల యిష్టమునుబట్టి యెన్నిరి. ఈ రెంటికిని గల భేదమే నా ప్రసంగము.

క్రీస్తు తరువాత 200 ప్రాంతమున రోమునగరమున ఈలియను అను గ్రంథకర్త జంతువుల స్వభావములను గూర్చి గ్రీకుభాషలో నొక గొప్ప పుస్తకము వ్రాసెను. మాసిడోనియా దేశమున ఆస్ట్రేయసు అను నదియందు చుక్కలు గల చేపలున్నవనియు, అవి నీటిపై వ్రాలు నొకజాతి యీగలను తినుననియు అందు చెప్పెను. అక్కడి జాలరులు ఆ యీగలనే పట్టి గాలమునకు గ్రుచ్చవచ్చును గదా! కాని చేయి తగిలినంతనే ఈగ రంగు మాయును, రెక్కలు వాడును. పిదప చేప దాని దెస చూడదు. కావున వారు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్నిని చుట్టి, కోడిపుంజు మెడక్రింద పెరుగు మైనపురంగు ఈకలను రెంటిని దానికి తగిలించిరి. ఇంత పురాతనమైన వర్ణనలో నాకు వింత గొలుపునది ఆ యెన్నికలోని పొదుపు. గొఱ్ఱెయు కోడియు ప్రతి యింటి దొడ్డిలోనివే. వారు వస్తువును వెదకుచు అడవికి పోలేదు. ఈగను జాగ్రత్తగా చూచిరి, అంతే.

పసిఫికు మహాసముద్రపు దీవులవారికి ఈలియను పేరును తెలియదు, ఇనుమును తెలియదు. వారును ఈ విద్యను తమంత తామే సాధించిరి. బొనీటో యను సముద్రపుచేప చిన్నచేపల గుంపులను తఱుముచు పోవును. దానికొఱకు వారు ముత్యపుచిప్పను సన్నని పలకగా నూఱి, ఎముకతోగాని తాబేటి పెంకుతోగాని చేసిన మొనను దానికి బిగించి, మొన దాపున ఈకలనో పందివెండ్రుకలనో కుచ్చుగా కట్టిరి. చిప్ప మెఱపు చిన్నచేప పొలుసుల తళుకును దలపించును. హవాయి దీవులలో పందివెండ్రుకలను అడ్డముగా నిలుపుటచేత ఎర నీటిపై పరుగెత్తునపుడు మొన మీదికి తిరిగియుండెడిది. సీసపు జిగ్గు బరువుచేత సాధించుదానిని వారు నాలుగు వెండ్రుకలచేత సాధించిరన్నమాట.

ఇంగ్లండులో ఈ విద్యను అచ్చున కెక్కించిన మొదటి పుస్తకము 1496లో వెలువడెను. వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు వేట గ్రంథమును రెండవమారు అచ్చువేయుచు, గాలపు వేటను గూర్చి యొక భాగమును అందు చేర్చెను. దానిని జూలియానా బెర్నర్సు అను సన్న్యాసిని వ్రాసెనని వాడుక. పండితులు ఆ మాటను నమ్ముట తక్కువ. అందు 12 విధముల ఈకయెరలు చెప్పబడినవి. వాని వస్తువులు రంగురంగుల ఉన్ని, మగబాతు రెక్కయీక, కౌజుపిట్ట యీక, కోడిమెడ యీక. వీనితోపాటు నెమలి పింఛపు పోగు! ఐదువందల యేండ్ల క్రిందటనే మన నెమలి యీక ఇంగ్లండు యేటిలో మునిగినది. అది ఓడమీద వచ్చిన సరకు కాదు. అక్కడి ప్రభువుల తోటలలో పెంచిన నెమళ్లది. ఆ నెమళ్ల పూర్వులు మాత్రము మన గడ్డవి.

1676లో చార్లెసు కాటను అను పెద్దమనిషి, తన మిత్రుడు ఐజాకు వాల్టను పుస్తకమునకు రెండవ భాగము వ్రాసి, నెలవారీగా ఎరల పట్టిక నొసగెను. ఒక యెరకు ఒంటెబొచ్చును, ఎలుగుబంటి బొచ్చును, పందివెండ్రుకల నడుమ నుండి దువ్వి తీసిన మెత్తని నూగును, పచ్చని ఒంటెరోమపు బట్టపీచును కలిపి నూలుగా పేనుమనెను. వినుటకు మంత్రగాని మందువలె నున్నది గాని, దాని వెనుక గట్టి పరిశీలన గలదు. ఒక్క రంగుతో ముంచిన ఉన్ని చూపునకు మొద్దుగా నుండును. నాలుగు రోమములు కలిసినపుడు కొన్ని వెలుతురును పీల్చును, కొన్ని తిప్పికొట్టును. పురుగు కడుపు తడిసి వెలుతురునకు అడ్డముగా నిలిచినపుడు కనబడు రంగు అటువంటిదే.

ఈకలలోని గుణభేదములను ఇక్కడ కొంత విపులముగా చెప్పవలసియున్నది. తెలియనివారికి ఈక యనగా ఈకయే. కట్టువానికి మాత్రము ఒకే కోడి మెడయీక వేఱు, నడుమునకు ఇరుప్రక్కల జాఱు ఈక వేఱు, తొడమీది నూగు వేఱు. పుంజు మెడయీక సన్నముగా, బిఱుసుగా, నిగనిగలాడుచు నుండును. దాని పోగులు నీటిని త్రాగవు. కాడకు చుట్టినచో పోగులు చక్రమువలె విచ్చుకొని ఎరను నీటిపై నిలుపును. పెట్ట యీక మెత్తనిది, నీటిని పీల్చును. అది తేలుటకు పనికిరాదు గాని మునిగిన యెరకు ప్రాణమిచ్చునది అదియే, ఏలయన ఏపాటి ప్రవాహము తగిలినను దాని పోగులు కదలును. ఈ భేదము నెఱుగక, నిగనిగ చూచి పుంజుయీకను మునుగు జిగ్గునకు కట్టువాడు చేపను గాదు, తన్ను తాను మెప్పించుకొనుచున్నాడు.

నెమలి పింఛపు పోగు తీరు వేఱు. దాని ఆకుపచ్చ చాయ అద్దకము కాదు. పోగునందలి అతిసూక్ష్మములైన పొరలు వెలుతురును విఱుచుటచే పుట్టిన చాయ యది. కావున అది నానినను వెలవెలబోదు. ప్రక్కకు తిరిగినపుడెల్ల రంగు మాఱుచుండును. నాచు పురుగుల మీది తళుకు దానికన్న దగ్గఱగా చూపు వస్తువు నేటికిని లేదని ఎర కట్టువారందురు.

ఇక జిగ్గులకు ప్రత్యేకముగా వాడుక యైనవి రెండు. ఒకటి అమెరికా తెల్లతోక జింక యొక్క తోకవెండ్రుక, రెండవది మరబూ. జింక ఒడలి వెండ్రుక లోపల బోలుగా నుండును. చలిదేశపు జంతువునకు అది కంబళి. దానిని దారముతో బిగించినపుడు గొడుగువలె విచ్చుకొనును. తోకవెండ్రుక మొదట మాత్రమే కొంచెము బోలు. కొనకడ గట్టిగా, నిడుదగా, కొద్దిపాటి అలలతో నుండును. కాబట్టి తోక కొననుండి తీసిన వెండ్రుక జిగ్గు వెనుక సన్నని చేప యాకారమున ఒదుగును. మొదటనుండి తీసినది లావుగా ఉబ్బును. ఒకే తోకలో రెండు సరకులు! నేర్పరి లాగుచున్నపుడు ముడుచుకొని, వదలినపుడు విచ్చుకొను వెండ్రుక నెన్నుకొనును. దీనిని వారు ఎర ఊపిరి తీయుట యందురు. రంగు సంగతి దీని తరువాతిదే. నీటిలో కొన్ని బారలు దిగునప్పటికే ఎఱుపు మాసి నల్లబడును. క్రింద నుండి చూచు చేపకు కనబడునది ముఖ్యముగా నీడయు, దాని చలనమును.

ఇంతవఱకు చెప్పిన వస్తువులు చాలవఱకు ఇంటివి, పొలమువి. ఐతే 19వ శతాబ్దమున ఈ విద్య దారి తప్పినది. కారణము సాల్మను చేప. అది సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఏటి కెదురెక్కును. ఏటిలో నున్నంతకాలము అది తిండి ముట్టదు. మఱి ఎరను ఏల పట్టునన్న ప్రశ్నకు కోపముచేతనని కొందఱు, పాత యలవాటుచేతనని కొందఱు ఉత్తరము చెప్పుచున్నారు. ఎట్లైనను, తిండి తినని చేపకు ఏ పురుగును అనుకరింపవలెను? అనుకరింపవలసిన వస్తువు లేనపుడు ఊహకు కళ్ళెము లేదు. అదే కాలమున ఇంగ్లీషువారి యోడలు సకలఖండముల నుండి పక్షితోళ్లను లండను రేవునకు తెచ్చుచుండెను. ఆ సరకు ముఖ్యముగా స్త్రీల టోపీలకు. టోపీలవారి బల్లమీద మిగిలినది ఎరలవారి బల్లకు చేరెను.

విలియము బ్లాకరు అను ఐర్లండు దేశస్థుడు లండనులో అంగడి పెట్టి, 19వ శతాబ్ది నడుమ ఈ యెరలను రత్నాభరణములవలె కట్టెను. తరువాత 1895లో జార్జి కెల్సను అను నాతడు సాల్మను ఎరలపై పెద్ద గ్రంథమును ప్రకటించి, ఏ యెరకు ఏ పక్షి ఏ యీక తగునో శాస్త్రమువలె నిర్ణయించెను. ‘జాక్ స్కాట్’ అను ప్రసిద్ధమైన యెర నొక్కదానిని చూడుడు. అందు చీనా దేశపు బంగారు ఫెజెంటు శిఖ, ఆఫ్రికా నిప్పుకోడి పోగు, దక్షిణ అమెరికా టూకాను రొమ్ముయీక, మకా చిలుక తోకపోగు, గినీకోడి చుక్కలయీక, టర్కీకోడి, బాతు, నెమలి, వీనికి తోడు మన అడవికోడి; పదికి మించిన పక్షులు ఒక అంగుళమున్నర కొక్కెముపై సమావేశమగును. ఒక యీకను వారు ‘ఇండియను క్రో’ అందురు, అనగా హిందూదేశపు కాకి. అది మన కాకి కాదు, మన దేశపుది కాదు. దక్షిణ అమెరికా యడవులలో ఎఱ్ఱని కంఠము గల యొక పండ్లపిట్ట. ఈ వ్యాపారమున పేర్లు వస్తువులకన్న దూరము ప్రయాణము చేసినవి.

ఇన్ని యీకలు చేపకు కావలెనా? దీనికి ఉత్తరము ఆ దేశమువాడే యిచ్చెను. 20వ శతాబ్దపు మొదటి భాగమున స్కాట్లండులో డీ నదిపై ఉడ్ అను నాతడు చిన్నవై, పలుచగా కట్టిన సాదా యెరలతో సాల్మనులను విరివిగా పట్టెను. పరిమాణమును నీటిలో ఎర నడచు తీరును ముఖ్యము గాని ఈకల కూర్పు కాదని ఆతని నిశ్చయము. అంతటితో నిలువక, ఈక లేశమైనను లేని బోడి కొక్కెమునకు రంగు పూసి దానితోను చేపలను పట్టి చూపెను. కెల్సను పుస్తకమునకు ఇంతకన్న గట్టి విమర్శ నేనెఱుగను. ఐనను ఆ పుస్తకము నేటికిని పూజింపబడుచునే యున్నది.

ఇపుడు మన యడవికోడి కథ. మన దేశమున అడవికోళ్లు రెండు జాతులు. ఎఱ్ఱజాతి ఉత్తరమునను తూర్పునను గలదు. ఇంటికోళ్లన్నిటికిని ముఖ్యమైన పూర్వుడు అదియే. బూడిదచాయ జాతి దక్షిణాపథమునకే ప్రత్యేకము. లోకమున మఱెక్కడను లేదు. ఈ రెండు రాజ్యములకును పొలిమేర రమారమి మన గోదావరియే. బూడిదకోడికి శాస్త్రజ్ఞులు సొనెరా యను ఫ్రెంచి యాత్రికుని పేరు పెట్టిరి. ఆతడు 18వ శతాబ్దమున మన తీరములను చూచి గ్రంథము వ్రాసినవాడు.

ఆ కోడి పుంజునకు మెడనిండ ఒక యాభరణమున్నది. మెడయీక నల్లనిది, దాని నడిమికాడ కొనకడ చదునై, వెడల్పై, మైనపుబొట్టువలె గట్టిపడియుండును. క్రింద తెల్లని చుక్క, కొనను పసుపుపచ్చని చుక్క. ఒక మిత్రుని యింట పాత డబ్బాలో అట్టి యీక నొకదానిని చూచితిని. గోటితో మీటినపుడు ఈకవలె గాక చిన్న గవ్వవలె తోచినది. ఎన్నియేండ్లది యో, మెఱుగు తగ్గలేదు. సాల్మను ఎర ప్రక్కన దీనిని అతికించినచో చిన్నచేప కన్నువలె నుండును. అందువలన కెల్సను కాలపు ఎరలలో ఈ యీక లేనివి తక్కువ. వర్షకాలమున పుంజు ఈ యీకలను రాల్చి సాదాయీకలను తొడుగును గనుక, రాలినవానిని ఏరుకొనవచ్చును గదా యని మీరనవచ్చును. వ్యాపారులకు అంత యోపిక లేదు. ఉచ్చులతో పుంజును పట్టి, మెడతోలును ఈకలతో నొలిచి, ఆరబెట్టి, ఓడ యెక్కించిరి. ఒక యెరకు కావలసినవి రెండీకలు. ఆ రెండీకలకొఱకు పోయినది ఒక ప్రాణము.

మన చెన్నపురి రాజధానిలోనే గాలపు వేటను గూర్చి ప్రసిద్ధగ్రంథములు పుట్టినవి. హెన్రీ సల్లివాన్ థామసు అను సివిలు ఉద్యోగి దక్షిణ కన్నడ జిల్లాలో పనిచేయుచు 1873లో మహాశీరు మున్నగు ఏటిచేపల వేటపై నొక పుస్తకమును, 1887లో చెరువులలో గాలపువేటపై మఱియొకదానిని ప్రకటించెను. దొరలు మన యేళ్లలో గాలము వేయుచుండగా, మన యడవి యీకలు వారి దేశపు టేళ్లలో మునుగుచుండెను.

రెండవ పక్షి హర్గిలా. ఇది నిలువెత్తు కొంగ. బట్టతల, మెడక్రింద తిత్తి, చూచుటకు అందవిహీనము. 19వ శతాబ్దమున కలకత్తా వీధులలో కుళ్లు పదార్థములను తిని పట్టణమును శుభ్రపఱచెడిది. దానిని చంపినవారికి జుర్మానా విధించెడివారట. ఇంత వికారమైన పక్షికి తోకక్రింద మాత్రము పాలనురుగు వంటి తెల్లని మెత్తని ఈకలుండును. మామూలు యీకలో ఒక పోగును మఱియొక పోగుతో పట్టియుంచు సూక్ష్మమైన కొక్కెములు గలవు. ఈ నూగుయీకలో అవి లేవు. అందుచే ప్రతి పోగును స్వతంత్రముగా తేలుచు, ఊపిరి తగిలినను వణకును. వంగదేశపు కుమార్ఖాలీ పట్టణము పేర ఈ యీకలు లండనునకు పోయెడివి. వానితో చేసిన కంఠవస్త్రములు 1851లో అచటి మహాప్రదర్శనమున నుంచబడినవి. ఆఫ్రికాలోని దీని జ్ఞాతిపక్షిని ఫ్రెంచివారు ‘మరబూ’ అనిరి. అది అరబ్బీ మూలమైన మాట. ముసల్మాను సాధువునకు పేరు. సాధువు పేరు కొంగకు, కొంగ పేరు ఈకకు, ఈక పేరు ఎరకు వచ్చినది.

పడమటి దేశములలోనే టోపీల యీకల వ్యాపారమునకు ఎదురుతిరిగినవారు పుట్టిరి. 1889లో మాంచెస్టరు దాపున ఎమిలీ విలియంసను అను గృహిణి, పక్షియీకలు ధరింపమని ప్రతిన పట్టిన స్త్రీల సంఘమును స్థాపించెను. 1902లో భారత ప్రభుత్వము పక్షితోళ్ల యెగుమతిని నిషేధించెను. సొంతగడ్డ ఇంగ్లండులో దిగుమతి నిషేధపు శాసనము 1921లో గాని రాలేదు. ఈ పందొమ్మిదేండ్ల నడుమ దొంగసరకు రేవులు దాటక మానలేదు. తుదకు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన అడవిపక్షులకు సమగ్రమైన రక్ష యైనది. హర్గిలా మాత్రము అప్పటికే కలకత్తా వీధులను విడిచినది. అస్సాములో పూర్ణిమాదేవి బర్మను అను జీవశాస్త్రజ్ఞురాలు పల్లెటూరి స్త్రీలను కూడగట్టి దాని గూళ్లను కాపాడినందున, దానికి కొంత తేరుకొను నవకాశము కలిగినది. ఆమెకు 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ బహుమానమిచ్చినది.

చట్టములు వచ్చినవి గాని కొందఱి మోజు చావలేదు. 2009 జూను నెలలో ఒక రాత్రి, ఇంగ్లండులోని ట్రింగు పట్టణమున బ్రిటిషు ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల వారి పక్షిభాండారమునందు దొంగతనము జరిగెను. కిటికీ పగులగొట్టి ప్రవేశించినవాడు ఇరువదేండ్ల సంగీతవిద్యార్థి. సాల్మను ఎరలు కట్టుటలో నిపుణుడు. ఆతడెత్తుకొనిపోయినవి 299 పక్షితోళ్లు. వానిలో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేసు 19వ శతాబ్దమున మలయా దీవులలో ప్రాణములకు తెగించి సేకరించినవియు నుండెను. పక్షి కాలికి కట్టిన చిన్న చీటీపై అది దొరకిన స్థలమును దినమును వ్రాసియుండును; శాస్త్రజ్ఞునకు పక్షికన్న ఆ చీటీ విలువైనది. దొంగ అనేకముల చీటీలను తీసివేసి, ఈకలను విడదీసి అమ్మెను. చీటీ పోయిన తోలు తిరిగి దొరకినను మూగదే. ఇన్నిటికిని చోద్యమేమనగా, ఆ యీకలతో కట్టిన యెరలు నీటిని చూడవు. వానిని చట్రములలో బిగించి గోడకు తగిలింతురు. చేప పాత్ర కథలోనుండి పూర్తిగా తప్పుకొన్నది.

ఐతే పని చేయు జాలరి ఈ పిచ్చిని ఎన్నడో విడిచెను. నేడు ‘మరబూ’ అను పేర జిగ్గులకు కట్టునది కొంగయీక కాదు. మాంసమునకు పెంచు టర్కీకోడి నూగు, రంగులలో ముంచినది. కొంగయీకవలెనే కదలును, లోపము లేదు. జింకతోక సంగతియు నట్టిదే. అమెరికాలో తెల్లతోక జింకలు 1900 నాటికి అయిదులక్షలకు దిగజాఱి, వేట కట్టుబాట్లచేత నేడు సుమారు మూడుకోట్లయినవి. మాంసమునకు వేటాడినవాని తోక వృథాపోక ఎరలకు వచ్చుచున్నది. అడవికోడి మెడతోలును ఇంగ్లండులో పంజరములందు పెంచిన కోళ్లనుండి తీయుచున్నారు.

వీటన్నిటికన్న నా మనసునకు నచ్చినది స్పెయిను దేశపు లియోను కోళ్ల పద్ధతి. కురువేన్యో లోయలోని పల్లెలలో ఈకకొఱకే పుంజులను పెంచుదురు. 1624లో హ్వాన్ ది బెర్గారా వ్రాసిన యొక వ్రాతప్రతిలో ఆ కోళ్ల యీకలతో ఎరలు కట్టు విధము కలదు. అనగా ఈ వృత్తికి నన్నూఱేండ్ల వయసు. వారు పుంజును చంపరు. నడుము ప్రక్కల యీకలను ఏటికి కొన్నిమార్లు పెఱికి తీయుదురు, మరల మొలచును. కోడికి నొప్పి లేదని నేననను. కాని ఆ పుంజు యజమానికి ఏండ్లతరబడి ఆస్తి. దాని ప్రాణము నిలుచుటయే ఆతనికి లాభము. అమెరికాలో మెడయీకకొఱకు ప్రత్యేకముగా పెంచు కోళ్లశాలలును గలవు. 2011లో ఆ దేశపు యువతులు ఆ నిడుపాటి చారలయీకలను జడలలో తుఱుముకొనసాగిరి. దానితో జాలరులకు ఈక దొరకక వెలలు మిన్నంటినవి! టోపీలకు మిగిలినదానితో తృప్తిపడిన వృత్తికి మరల స్త్రీల తలలే పోటీకి వచ్చినవి.

మనవారికి ఈకను చూచు కన్ను లేదనుకొనవలదు. కోనసీమలో పుంజులు పెంచువారి మాటలు వినుడు. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎఱ్ఱనిది డేగ, మెడమీద నలుపు తెలుపు ఈకలు సరిసమానముగా నున్నది పర్ల. పడమటి ఎరలవారికిని ఇట్టి పేర్లే గలవు. నడుమ నలుపు, అంచున తెలుపు గల యీక ‘బాడ్జరు’. అంచున ఎఱుపైనచో ‘ఫర్నేసు’, అనగా కొలిమి. ఇద్దఱును ఒకే వస్తువును అంత నిశితముగానే చూచిరి. వారు గాలమునకు, మనవారు బరికి. బరికన్న గాలము మేలని నేనన్నచో సంక్రాంతినాడు నన్ను ఊరిలోనికి రానీయరేమో.

మన చెరువులలో కొరమీనుకు జిగ్గు కట్టదలచు యువకులకు రెండుమాటలు చెప్పి విరమించెదను. జింకవెండ్రుకను అమెరికా పుస్తకములు పొగడినను, మన దేశమున దుప్పివెండ్రుకను గాని అడవికోడి యీకను గాని ముట్టుట నేరము. బదులుగా దూడతోక వెండ్రుక, మేకవెండ్రుక మంచివి. దూడతోక కొంచెము ఉంగరాలు తిరిగియుండుటచే తక్కువ వెండ్రుకతోనే ఎర నిండుగా కనబడును. కదలికకు పెంపుడు కుందేటి తోలును బొచ్చుతో సన్నపు పట్టీగా కోసి వెనుక విడిచిన చాలును. దానంతగా మెలికలు తిరుగునది ఈకలలోను అరుదు. నాటుపెట్ట మెడయీకలు వంటింటివారు పాఱవేయునవే. నెమలియీక కావలసినచో తానుగా రాలినదానిని వాడవచ్చును, దేశము దాటింపరాదు. ఏదైనను సబ్బునీట కడిగి, నీడను ఆరబెట్టి, డబ్బాలో నాలుగు వేపాకులో కర్పూరపు బిళ్లయో వేసి మూయుడు. చేపకన్న ముందు ఈకను తినుటకు చిమ్మట కాచుకొనియుండును.